మాల్దీవ్స్‌కి కుటుంబంతో వెళ్తున్నారా? విల్లా ఫొటో కంటే ముందు పడవ సంగతి చూడండి

బెంగళూరు నుంచి మాలేకి నేరుగా వెళ్ళే విమానంలో సుమారు రెండు గంటలు. దూరం ఇంత తక్కువ కాబట్టి చాలామంది ముందు రిసార్టు ఫొటోలు చూస్తారు, నచ్చిన వాటర్ విల్లా (నీళ్ళ మీద కట్టిన గది) బుక్ చేస్తారు, ఆ తర్వాత టికెట్లు వెతుకుతారు. చిన్నపిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి ఈ వరస పనికిరాదు. మాలే విమానాశ్రయం నుంచి మీ దీవికి ఎలా చేరతారన్నది అన్నిటికన్నా ముందు తేలాలి. ఖర్చు, పెద్దవాళ్ళ అలసట, నిజంగా సముద్రం దగ్గర గడిపే గంటలు, ఈ మూడూ దాని మీదే ఆధారపడి ఉంటాయి. గది ఎలా ఉండాలన్నది ఆఖర్న తేల్చుకోవచ్చు.

మాల్దీవ్స్ అంటే దాదాపు 1,190 దీవులు, 26 పగడపు వలయాలుగా, ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న దేశం. 1972లో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచినప్పటి నుంచీ ఒక దీవికి ఒక రిసార్టు అనే పద్ధతే ఎక్కువగా నడుస్తోంది. విమానాశ్రయం కూడా ఒక దీవే. బయటికి రాగానే ఎదురుగా జెట్టీ ఉంటుంది. అక్కడి నుంచి మీ రిసార్టుకి మూడు దారులున్నాయి: స్పీడ్‌బోట్, సీప్లేన్ (నీళ్ళ మీద దిగే చిన్న విమానం), లేదా దేశీయ విమానం ఎక్కి దిగి మళ్ళీ బోటు.

సీప్లేన్ పగటి వెలుగులోనే ఎగురుతుంది. మీ విమానం సుమారుగా మధ్యాహ్నం మూడున్నర తర్వాత మాలేలో దిగితే ఆ రోజు సీప్లేన్ దొరకదు, రాత్రి మాలే దగ్గరే హుల్‌హుమాలేలో హోటల్ తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. బెంగళూరు విమానం పొద్దున తొమ్మిదికో అంతకంటే ముందో ఉంటే, దీవి నుంచి ముందు రోజే బయల్దేరాల్సి వస్తుంది. అంటే నాలుగు రాత్రుల రిసార్టు డబ్బు కట్టి రెండున్నర రోజులు మాత్రమే అనుభవిస్తారు. అందుకే రిసార్టు పేరు అనుకునే ముందే బెంగళూరు–మాలే విమానాల వేళలు ఒక కాగితం మీద రాసుకోండి. పొద్దున దిగేది, మధ్యాహ్నం తర్వాత తిరిగి వచ్చేది దొరికితేనే సీప్లేన్ దీవుల వైపు చూడండి. లేకపోతే స్పీడ్‌బోట్ దూరంలో ఉన్నవే చూడండి.

సీప్లేన్‌కి ఇంకొన్ని షరతులున్నాయి. సామాను మనిషికి 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. పైన ప్రతి కిలోకీ డబ్బు తీసుకుంటారు. వేళ ముందుగా చెప్పరు, ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఖరారు చేస్తారు. ఒకే విమానం రెండు మూడు రిసార్టుల దగ్గర దిగుతూ వెళ్ళొచ్చు కాబట్టి మీ వంతు వచ్చేదాకా లాంజ్‌లో గంట, రెండు గంటలు కూర్చోవడం మామూలే. లోపల ఏసీ ఉండదు, మోత ఎక్కువ. ఐదేళ్ళలోపు పిల్లలకి చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు బెంగళూరులోనే కొనుక్కోండి. ఎక్కడానికి నీళ్ళ మీద ఊగే పాంటూన్ (తేలే వేదిక) నుంచి ఇరుకైన మెట్లు ఎక్కి తల వంచి లోపలికి వెళ్ళాలి. మోకాళ్ళు సరిగా లేని నాయనమ్మకి ఇది కష్టం.

స్పీడ్‌బోట్ రాత్రిపూట కూడా నడుస్తుంది, అదే దాని బలం. ఇరవై నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. కానీ మే నుంచి అక్టోబరు దాకా అలల మీద బోటు ఎగిరెగిరి పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు, కడుపులో తిప్పేవాళ్ళు వెనక సీట్లలో కూర్చోవాలి. ముందు సీట్లలో కుదుపు ఎక్కువ. గర్భిణులు స్పీడ్‌బోట్ ప్రయాణం గురించి డాక్టరుతో మాట్లాడకుండా బుక్ చేయకూడదు. వాంతుల మాత్ర బోటు ఎక్కాక వేసుకుంటే పని చేయదు, కనీసం అరగంట, గంట ముందు వేసుకోవాలి. పిల్లలకి ఎంత మోతాదో ముందే మీ పిల్లల డాక్టరుని అడిగి రాయించుకోండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇద్దరు పెద్దలు, అమ్మానాన్నలు, తొమ్మిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, మొత్తం ఆరుగురు అనుకుందాం. సీప్లేన్ రానూపోనూ పెద్దవాళ్ళకి తలకి 500 డాలర్లు, పిల్లలకి సగం అయితే 2,500 డాలర్లు. స్పీడ్‌బోట్ పెద్దవాళ్ళకి తలకి 150, పిల్లలకి సగం అయితే 750. తేడా 1,750 డాలర్లు. దీవిలో అడుగు పెట్టక ముందే పోయే డబ్బు ఇది. దీంతో రెండో విల్లా రెండు రాత్రులకి, లేదా అందరికీ మూడు పూటల భోజనం వచ్చేస్తుంది. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్ళే కుటుంబానికి నా సలహా స్పీడ్‌బోటే, సందేహం లేదు. పైనుంచి పగడపు వలయాలు చూడటం గొప్పగానే ఉంటుంది. కానీ ఆ దృశ్యం కోసం మూడు తరాలని లాంజ్‌లో కూర్చోబెట్టక్కర్లేదు.

రిసార్టు ధర చూసేటప్పుడు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే సర్వీస్ చార్జీ, పన్ను విడిగా పడతాయని అర్థం. సర్వీస్ చార్జీ 10 శాతం. దాన్ని కలిపిన మొత్తం మీద టూరిజం జీఎస్టీ, 2025 జూలై నుంచి 17 శాతం. 500 డాలర్ల గది ముందు 550 అవుతుంది, తర్వాత 643న్నర అవుతుంది. 27 శాతం కాదు, దాదాపు 29 శాతం ఎక్కువ. స్పా, స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి పైన తేలుతూ చేపలు చూడటం) ట్రిప్పు, మంచినీళ్ళ సీసా, దేని ధర పక్కన ఆ గుర్తులున్నా ఇదే లెక్క. దీని పైన గ్రీన్ ట్యాక్స్, 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు. రెండేళ్ళలోపు పసిపిల్లలకి ఉండదు. మన ఆరుగురికి నాలుగు రాత్రులకి 288 డాలర్లు. బుకింగ్ సైట్లు చాలావరకు దీన్ని ధరలో కలపవు, ఖాళీ చేసేటప్పుడు అడుగుతారు.

కాబట్టి రిసార్టుకి మెయిల్ రాసేటప్పుడు ధర ఎంత అని మాత్రమే అడగకండి. పిల్లల పుట్టిన తేదీలతో సహా అందరి వివరాలు ఇచ్చి, గది, భోజనం, రానూపోనూ ట్రాన్స్‌ఫర్, సర్వీస్ చార్జీ, అన్ని పన్నులూ కలిపి ఒకే అంకె పంపమనండి. పుట్టిన తేదీ ఎందుకంటే, ఒక చోట 12 ఏళ్ళలోపు ఉచితం, ఇంకో చోట ఆరేళ్ళలోపు మాత్రమే ఉచితం. వయసు లెక్క బుక్ చేసిన రోజుది కాదు, చేరే రోజుది. ఆ మెయిల్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, చెక్ అవుట్ దగ్గర ఇదే ఆధారం.

బెంగళూరులో ట్రావెల్ ఏజెంటు దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) అని కొంత శాతం అదనంగా తీసుకుంటారు. అది పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ ఇస్తే వాళ్ళ ఖాతాలో జమై, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటవుతుంది. ఇంట్లో పన్ను కట్టేవాళ్ళ పాన్ ఇవ్వండి. ఈ రేటు బడ్జెట్టుకీ బడ్జెట్టుకీ మారుతోంది, అందుకే కొటేషన్‌లో విడి వరసగా రాయించుకోండి. కార్డు విషయం కూడా చూసుకోవాలి: మామూలు క్రెడిట్ కార్డుతో డాలర్లలో కడితే మూడు, మూడున్నర శాతం మార్కప్, అంటే బ్యాంకు వేసే అదనపు చార్జీ, పడటం సాధారణం. విదేశీ మార్కప్ లేని కార్డు ఒకటి రెండు నెలల ముందే తీసుకుంటే ఆదా ఇక్కడే కనిపిస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి? డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యం గాలి, పొడి రోజులు, నీళ్ళు తేటగా ఉంటాయి. మే నుంచి నవంబరు దాకా నైరుతి గాలి, వానలు, ధరలు తక్కువ. బెంగళూరు బడుల సెలవులతో కలిపి చూస్తే మూడు అవకాశాలు. దసరాకి వానలు ఇంకా పోవు. క్రిస్మస్‌కి ధరలు ఆకాశంలో ఉంటాయి. పైగా 24, 31 తేదీల రాత్రి గాలా డిన్నర్ తప్పనిసరిగా కొనిపించే రిసార్టులు, కనీసం ఐదు రాత్రులు ఉండాలనే రిసార్టులు చాలా ఉన్నాయి. మిగిలింది వేసవి. పరీక్షలు అయిపోయాక, ఏప్రిల్ రెండో సగంలో, ఈస్టర్ వారం తప్పించి వెళ్ళడం అన్నిటికన్నా మంచిది. గాలి మారే సమయం కాబట్టి సముద్రం తరచుగా ప్రశాంతంగా ఉంటుంది. ఎండ మాత్రం తీవ్రం. భూమధ్యరేఖకి ఇంత దగ్గరలో ఏడాది పొడుగునా సూర్యుడు ఆరు గంటల ప్రాంతంలో ఉదయించి ఆరు ప్రాంతంలోనే అస్తమిస్తాడు కాబట్టి, సాయంత్రం నీళ్ళలో ఎక్కువసేపు ఆడుకోవచ్చని లెక్క వేసుకోకండి.

దీవిని ఎంచుకోవడం దగ్గరే అసలైన పని ఉంది. రిసార్టు వెబ్‌సైటు మూసేసి, మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ తెరవండి. తీరం చుట్టూ లేత నీలం వెడల్పుగా ఉంటే అది లోతు లేని లగూన్. పిల్లలు నడుము లోతు నీళ్ళలో గంటల తరబడి ఆడుకోవచ్చు, కానీ చేపలు చూడాలంటే బోటెక్కాలి. తీరానికి ముప్పై, యాభై మీటర్లలోనే లేత నీలం ఒక్కసారిగా ముదురు నీలంగా మారితే అక్కడ రీఫ్ (పగడపు దిబ్బ) అంచు ఉంది. స్నార్కెలింగ్‌కి స్వర్గం, ఈతరాని ఐదేళ్ళ బాబుకి ప్రమాదం. మీ కుటుంబానికి కావలసింది ఒక వైపు లగూన్, ఇంకో వైపు దగ్గరగా రీఫ్ అంచు ఉన్న దీవి. అలాంటివి ఉన్నాయి, ఓపికగా వెతికితే దొరుకుతాయి. అదే బొమ్మలో తీరానికి అడ్డంగా రాళ్ళ గట్టు గీతల్లా కనిపిస్తే ఇసుక కొట్టుకుపోతోందని అర్థం. పక్కన చదునుగా, చెట్లు లేని తెల్లటి కొత్త దీవి కనిపిస్తే అక్కడ నిర్మాణం నడుస్తుండొచ్చు. డ్రెడ్జర్ (సముద్రం అడుగు ఇసుక తోడే యంత్రం) మోత, బురద నీళ్ళు సెలవులో భరించేవి కావు. రిసార్టుని నేరుగా అడగండి.

1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి మాల్దీవ్స్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి. కొన్ని రీఫ్‌లు కోలుకున్నాయి, కొన్ని లేదు. అందుకే పాత ఫొటోలు నమ్మకుండా, గత ఆరు నెలల్లో అతిథులు నీళ్ళలో తీసిన ఫొటోలు చూడండి.

గాలి దిక్కు కూడా గుర్తుంచుకోవాలి. మే నుంచి అక్టోబరు దాకా గాలి పడమర, నైరుతి నుంచి వస్తుంది, కాబట్టి పడమటి వైపు విల్లాల ముందు నీళ్ళు అలజడిగా ఉంటాయి. సూర్యాస్తమయం కనిపిస్తుందని ఎక్కువ డబ్బు తీసుకునేది ఆ విల్లాలకే. వానాకాలంలో వెళ్ళేవాళ్ళు తూర్పు వైపు తీసుకుంటే తక్కువ ధరకి ప్రశాంతమైన నీళ్ళు దొరుకుతాయి. జనవరి, ఫిబ్రవరిలో ఇది తిరగబడుతుంది.

గది దగ్గరికి ఇప్పుడు రావచ్చు. చిన్నపిల్లలుంటే బీచ్ విల్లా. వాటర్ విల్లా డెక్ నుంచి మెట్లు నేరుగా సముద్రంలోకి దిగుతాయి, చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు. అందుకే అనేక రిసార్టులు 12 ఏళ్ళలోపు పిల్లలకి అవి ఇవ్వవు, ఇచ్చినా బాధ్యత మాదే అని సంతకం పెట్టించుకుంటాయి. ఆరుగురికి రెండు విడి విల్లాల కన్నా లోపల తలుపుతో కలిసే రెండు గదులు మేలు. పక్కపక్కన ఇస్తామనే మాటకి, రెండు గదులూ కలిసి ఉంటాయనే మాటకి చాలా తేడా ఉంది, రాతపూర్వకంగా తీసుకోండి. పెద్దవాళ్ళ గది రెస్టారెంటుకి దగ్గరగా కావాలని, స్నానాల గదిలో టబ్ కాకుండా నిలబడి స్నానం చేసే చోటు ఉండాలని చెప్పండి. ఇసుక దారుల్లో అరకిలోమీటరు నడక రోజుకి మూడుసార్లంటే డెబ్భై ఏళ్ళవాళ్ళకి చాలా ఎక్కువ.

భోజనం: దీవిలో బయటికి వెళ్ళి ఇంకో హోటల్ చూసుకునే వీలు లేదు. పొద్దున టిఫినూ రాత్రి భోజనమూ మాత్రమే ఉండే హాఫ్ బోర్డ్ చవకగా కనిపిస్తుంది. కానీ మధ్యాహ్నం మెనూ చూసి తింటే మనిషికి 30 డాలర్లు దాటడం మామూలు, తాగే నీళ్ళు కూడా విడి. పిల్లలున్న కుటుంబానికి మూడు పూటలూ ఉండే ఫుల్ బోర్డ్ సరిపోతుంది. మద్యం తాగనివాళ్ళు, మద్యంతో సహా అన్నీ కలిపిన ఆల్ ఇన్‌క్లూజివ్‌కి డబ్బు పెట్టడం వృథా. పెద్దలు పిల్లలు అందరికీ ఒకే ప్లాన్ తీసుకోవాలనే నియమం చాలా చోట్ల ఉంది. శాకాహారులుంటే భారతీయ వంటవాళ్ళున్నారా, పెరుగన్నం, పప్పు, చపాతీ రోజూ దొరుకుతాయా అని ముందే అడగండి. అక్కడి వంటల్లో ట్యూనా చేప ముక్క ఎక్కడైనా ఉండొచ్చు, కూరల్లోకీ పచ్చళ్ళలోకీ వస్తుంది. చేప కూడా తినమని స్పష్టంగా రాయండి. శాకాహారం అన్న మాట ఒక్కటే సరిపోదు. కందిపొడి, ఆవకాయ గట్టిగా సీలు చేసిన ప్యాకెట్లలో చెక్ ఇన్ సామానులో పెట్టుకుంటే పెద్దవాళ్ళకి నిశ్చింత.

మద్యం, పంది మాంసం మాల్దీవ్స్‌లోకి తీసుకెళ్ళకూడదు. బెంగళూరు డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా అయినా కస్టమ్స్ పట్టుకుంటుంది. ఇంకో ముఖ్యమైన విషయం: పూజా విగ్రహాలు కూడా నిషేధ జాబితాలో ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం సంచిలో పెట్టుకునే అలవాటున్న పెద్దవాళ్ళకి బయల్దేరే ముందే చెప్పండి, అక్కడ తీయించుకుంటే మనసు నొచ్చుకుంటుంది. ఈ-సిగరెట్లకీ 2024 నవంబరు నుంచి నిషేధం ఉంది. మందులకి డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి.

భారతీయులకి వీసా ముందుగా అక్కర్లేదు, దిగాక ఇస్తారు. తిరుగు టికెట్, రిసార్టు బుకింగ్ కాగితం చూపించాలి. ఇముగా అనే ప్రభుత్వ సైటులో ప్రయాణానికి 96 గంటల లోపు ప్రతి ఒక్కరికీ, పసిపిల్లలకి కూడా, ఫారం నింపాలి, వెళ్ళేటప్పుడొకటి, తిరిగొచ్చేటప్పుడొకటి. ఇది ఉచితం. డబ్బు అడిగే సైటు అసలుది కాదు. పాస్‌పోర్టులకి ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుందని చాలామంది చివరి వారం దాకా గమనించరు. టికెట్టులో పేరు పెట్టేటప్పుడు మనవాళ్ళు తరచూ తప్పు చేసేది ఇంటిపేరు దగ్గర. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారంలో అది రెండో గడి. పాస్‌పోర్టు తెరిచి ఏ గడిలో ఏముందో చూసి అలాగే నింపండి.

సముద్రంలో దిగే ముందు చేయాల్సిన పని బెంగళూరులోనే మొదలవ్వాలి. పిల్లల సైజు మాస్కు కొని మీ అపార్ట్‌మెంట్ ఈత కొలనులో నాలుగైదు వారాలు అలవాటు చేయండి. మాస్కు సరిపోయిందో లేదో తెలియాలంటే పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి. చేతులు వదిలినా పడిపోకపోతే సరిపోయినట్టు. జుట్టు ఒక్క పోగు అంచు కింద ఇరుక్కున్నా నీళ్ళు కారతాయి. కొత్త మాస్కు అద్దం లోపల సన్నని పొర ఉంటుంది, మామూలు టూత్‌పేస్టుతో రుద్ది కడగకపోతే మసకబారుతూనే ఉంటుంది. మొహమంతా కప్పే మాస్కులు పిల్లలకి వద్దు, వదిలిన గాలి లోపలే నిలిచే ప్రమాదం ఉంది. చేతులకి తొడిగే గాలి బుడగలు కాదు, లైఫ్ జాకెట్ వేయండి.

పొద్దున ఎనిమిది నుంచి పదిలోపు స్నార్కెలింగ్ ముగించండి. పొడుగు చేతుల ఈత చొక్కా సన్‌స్క్రీన్ కన్నా నమ్మకం. వీపు మీద ఎండ తెలియకుండానే కాల్చేస్తుంది. నీళ్ళలో దిగే ముందు జెట్టీ స్తంభాల దగ్గర నీళ్ళు ఏ వైపు పారుతున్నాయో చూడండి, మొదట ప్రవాహానికి ఎదురుగా వెళ్ళాలి, తిరిగొచ్చేటప్పుడు అదే మిమ్మల్ని తీసుకొస్తుంది. దీన్ని తిరగేసి చేసినవాళ్ళే అలసిపోయి సాయం కోసం చేతులూపుతారు. తీరంలో తిరిగే చిన్న నల్లమొన సొరచేపలకి భయపడక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది గుడ్లు కాపలా కాసే టైటాన్ ట్రిగ్గర్ చేపకి. అది తన చోటుని కింది నుంచి పైకి గరాటులా విస్తరించి కాపాడుకుంటుంది, వెంటపడితే పైకి లేవకుండా పక్కకి ఈదాలి. కాళ్ళకి రీఫ్ బూట్లు వేసుకోండి, రాయిలా కనిపించే స్టోన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే ఆసుపత్రి పడవ ప్రయాణం దూరంలో ఉంటుంది. ప్రయాణ బీమాలో అత్యవసర తరలింపు ఉందో లేదో పాలసీ కాగితంలో చదవండి, దీవిలో డాక్టరున్నారా, నర్సేనా అన్నది రిసార్టుని అడగండి.

పెద్ద పిల్లలు స్కూబా (గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ లోపలికి దిగడం) చేస్తానంటే పదేళ్ళు నిండాలి. చివరి డైవ్‌కీ బెంగళూరు విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, వీలైతే 24 ఉండాలి. అందుకే స్కూబా రెండో రోజే పెట్టుకోండి.

చిన్న వస్తువుల్లో మరిచిపోయేవి రెండే: చదరపు మూడు పిన్నుల ప్లగ్గు అడాప్టరు, టిప్పులకి ఒకటి, ఐదు డాలర్ల నోట్లు. గవ్వలు, పగడపు ముక్కలు ఇంటికి తేవద్దు, పిల్లలు జేబులో వేసుకున్నవి కూడా. పగడాలని, కొన్ని రకాల గవ్వలని దేశం దాటించడం నిషేధం.

బిల్లు మాత్రం వెళ్ళే పొద్దున చూడకండి. ముందు రోజు రాత్రి భోజనం అయ్యాక రిసెప్షన్‌లో మొత్తం ప్రింటు అడిగి, మీ దగ్గరున్న మెయిల్‌తో వరస వరస పోల్చండి. గ్రీన్ ట్యాక్స్ రెండుసార్లు పడటం, పిల్లలకి పెద్దవాళ్ళ ధర వేయడం, ప్లాన్‌లో ఉన్న నీళ్ళ సీసాలకి డబ్బు వేయడం, ఈ మూడే ఎక్కువగా దొర్లే తప్పులు. రాత్రి అయితే సరిచేయడానికి సమయం ఉంటుంది. కార్డు మిషన్ రూపాయల్లో కడతారా డాలర్లలోనా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారక రేటు మిషన్ వాళ్ళది అవుతుంది, అది మీ బ్యాంకు రేటు కన్నా ఎక్కువే ఉంటుంది.